తొలిచూలు బిడ్డకు బండి



మన ఇళ్ళలో తొలిచూలు బిడ్డ కంటె ముందుగా వచ్చే ప్రశ్నలు అనేకం. పురుడు పుట్టింటనా, పట్నపు ఆసుపత్రిలోనా? పేరు తాతగారిదా, నక్షత్రాన్ని బట్టి పెట్టేదా? అటక మీది పాత ఉయ్యాల చాలునా, కొత్తది చేయించవలెనా? ఈ వరుసలో ఈ కాలాన మరొక ప్రశ్న వచ్చి చేరినది. బిడ్డను పడుకోబెట్టి తోసికొని పోయే బండి ఒకటి కొనవలెనా? కొన్నట్లయితే ఎటువంటిది కొనవలెను?

ఇది చాలా చిన్న ప్రశ్న అని తోచవచ్చు. కొంతకాలం క్రితం వరకు నాకూ అట్లాగే తోచేది. కాని ఒక బండి ఎంపికలో ఇంటి గడపల ఎత్తు, వీధి తీరు, ఊరి ఎండ, అన్నిటికంటె ముఖ్యంగా ఇంట్లోని పెద్దవారి ఒంటి సత్తువ దాగి ఉంటాయని నిరుడు మా కుటుంబంలో జరిగిన ఒక ఉదంతం వల్ల తెలిసికొన్నాను. దానిని మీతో పంచుకొనడమే ఈ ప్రసంగపు ఉద్దేశం.

మా అక్కయ్యగారిది విజయవాడలో సత్యనారాయణపురం. ఆమె కుమార్తె, అనగా నా మేనకోడలు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. అల్లుడిదీ అక్కడే ఉద్యోగం. సీమంతం అయిన తరువాత ఆ అమ్మాయిని మన ఆచారం ప్రకారం పుట్టింటికి తీసికొని వచ్చారు. ఒక శనివారంనాడు అల్లుడుగారు కూడా వచ్చారు. ఆ సాయంత్రం నాకు కబురు వచ్చినది. వెళ్ళేసరికి అమ్మాయి చేతిలో టెలిఫోను, ఆ టెలిఫోను నిండా బండ్ల బొమ్మలు.

“మామయ్యా! మన చుట్టాలలో ఈ బండి కొన్నవాడివి నువ్వు ఒక్కడివే. రేపు మాతో బీసెంట్ రోడ్డుకు రావాలి” అన్నది.

వంటింటిలో నుంచి మా అక్కయ్య అందుకొన్నది. “ఒరే, నువ్వన్నా చెప్పరా దానికి. పసిగుడ్డును బండిలో పడేసి తోయడమేమిట్రా? మనకు చంకలు లేవా? నిన్ను నేను మోయలేదా? అదీగాక బిడ్డ నేల మీద పడకముందే సామాను కొంటారుట్రా ఎవరన్నా?”

ఇందులో రెండు అభ్యంతరాలు ఉన్నవి. రెండవదానిని తీర్చడం సులభం. బిడ్డ పుట్టకముందు వస్తువులు కొనరాదన్నది మన ఇళ్ళలో పెద్దలు పట్టించుకొనే మాట. దానితో వాదం పెట్టుకొనవలసిన పని లేదు. ఇప్పుడు చూచి నిర్ణయించుకొని, బారసాల అయిన తరువాత కొనవచ్చునని అందరమూ ఒప్పుకొన్నాము. నిజానికి ఆ ఆలస్యం వల్ల లాభమే గాని నష్టం లేదు. తొలి కాన్పు పుట్టింట జరిగి, తల్లీబిడ్డలు మూడవ నెలలోనో అయిదవ నెలలోనో అత్తవారింటికి పోయే మన ఇళ్ళలో, పుట్టిన మొదటి దినాననే బండి అవసరం సాధారణంగా ఉండదు. ఆ నెలలు ఒడికి, ఉయ్యాలకు, అమ్మమ్మ చేతులకు చెందినవి.

మొదటి అభ్యంతరం, అనగా “చంకలు లేవా?” అన్నది అంత సులభంగా తీరేది కాదు. దాని సంగతి తరువాత చెప్పుతాను.

మేనకోడలు నన్ను అనుభవజ్ఞుడని పిలిచినది గాని, నా అనుభవం గర్వపడదగినది కాదు. 2009లో మా పెద్దవాడు పుట్టినప్పుడు నేను ఎవరినీ అడగకుండా ఒక బండి కొని తెచ్చాను. ఎత్తయిన గూడు, పెద్ద చక్రాలు, నీలిరంగు గుడ్డ. దుకాణంలో దానిని చూడగానే మా అబ్బాయి అందులో రాజకుమారుని వలె కూర్చున్నట్లు నా కంటికి కనిపించినది. మేము అప్పుడు ఉంటున్నది మూడవ అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు నలభై రెండు. బండి బరువు పద్నాలుగు కిలోలు. నా భార్యకు శస్త్రచికిత్సతో కాన్పు అయినది. బరువులెత్తరాదని వైద్యులు చెప్పారు. నేను ఉదయం ఆఫీసుకు వెళ్ళితే రాత్రి ప్రసారాలు ముగిసినదాకా రాను. ఇక ఆ బండిని క్రిందికి దించేదెవరు? పది దినాలలోనే అది మా ఇంట ఉతికిన బట్టలు వేసే బుట్ట అయినది. ఆరు నెలలు బట్టలు మోసి, ఆ తరువాత పాత పత్రికలు మోసినది. మా అబ్బాయిని మాత్రం మూడుసార్లకు మించి మోయలేదు. అది చెడ్డ బండి కాదు. మా ఇంటికి తగిన బండి కాదు. ఆ తప్పు దుకాణదారునిది కాదు, నాదే.

ఈ బండ్ల చరిత్రను చూచినా ఇదే నీతి కనబడుతుంది. ఇంగ్లండులో 1733 ప్రాంతంలో విలియం కెంట్ అనే శిల్పి, డెవన్‌షైర్ ప్రభువుగారి పిల్లల నిమిత్తం గవ్వ ఆకారంలో ఒక చిన్న బండి తయారుచేశాడు. అది మనుష్యులు తోసేది కాదు. మేకగాని, చిన్న గుర్రంగాని లాగేది. ప్రభువుల ఇంట మేకను తోలడానికి నౌకర్లు ఉంటారు గనుక ఆ బండి వారికి సరిపోయినది. పంధొమ్మిదవ శతాబ్దంలో బండి మనుష్యుల చేతికి వచ్చినది. 1889లో అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన విలియం రిచర్డ్‌సన్ అనే నీగ్రో జాతీయుడు ఒక పేటెంటు పొందాడు. బిడ్డ పడుకొనే తొట్టిని ఎటు కావలెనంటే అటు త్రిప్పి, బిడ్డ ముఖం తల్లివైపు ఉండేటట్లు చేసే ఏర్పాటు అది. అనగా తోసేవారు దాది కాక తల్లి అయినప్పుడు, ఆమె కళ్ళకు బిడ్డ కనిపించవలసిన అవసరం వచ్చినది.

మరి 1965లో ఏమి జరిగినది? ఓవెన్ మెక్లారెన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు ఉండేవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల కూర్పులో పని చేసినవాడు. ఆయన కుమార్తె చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చినప్పుడు, ఆమె బరువైన బండితో పడే అవస్థను తాతగారు చూచాడు. విమానపు చక్రాలు గాలిలోకి లేవగానే ముడుచుకొంటాయి గదా! ఆ విద్యనే ఉపయోగించి, గొడుగు వలె ముడుచుకొనే తేలికపాటి అల్యూమినియం బండిని రూపొందించాడు. దాని బరువు మూడు కిలోలకు ఇంచుమించు. నేడు ప్రపంచమంతటా కనిపించే మడత బండ్లకు అది పెద్దన్న. ఈ మూడు ఘట్టాలలోను మనం గమనించవలసినది ఒక్కటే. బండిని లాగేదెవరు, తోసేదెవరు, ఎత్తేదెవరు అన్న ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా బండి రూపు మారినది.

మరునాడు బీసెంట్ రోడ్డుకు బయలుదేరేటప్పుడు, అక్కయ్య ఇంటి నుండి అయిదు కిలోల బియ్యపు సంచి ఒకటి చంకన పెట్టుకొన్నాను. “అదెందుకు మామయ్యా, పరువు పోతుంది” అని మేనకోడలు నవ్వినది. “బిడ్డ ఇంకా రాలేదు గదమ్మా, అంతవరకు వీడే మన వాడు” అన్నాను.

దుకాణంలోని నేల అద్దం వలె ఉన్నది. అటువంటి నేల మీద ఖాళీ బండిని చిటికెనవ్రేలితో తోసినా పోతుంది. అందుచేతనే దుకాణంలో అన్ని బండ్లూ మంచివిగానే కనిపిస్తాయి. బియ్యపు సంచిని అందులో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, దుకాణదారుని అనుమతితో గడప దాటించి కాలిబాట మీదికి తెచ్చాము. అప్పుడు బండ్ల గుణాలు బయటపడినవి. అరచేతి వెడల్పు కూడా లేని జంట చక్రాల బండి, రెండు పలకల మధ్య సందులో ఇరుక్కొని ముందుకు వంగినది. లోపల ఉన్నది బిడ్డే అయితే ఉలిక్కిపడి ఏడ్చేవాడు. కొంచెం పెద్ద చక్రాలు, వాటిమీద స్ప్రింగులు ఉన్న బండి ఆ సందును మెల్లగా దాటినది. మన ఊళ్ళ బాటలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కనుక తీసికొనే బండిని బరువుతో, బయటి నేల మీద తోసి చూడవలెను. దుకాణదారుడు అందుకు ఒప్పుకొనకపోతే మరొక దుకాణం ఉండనే ఉన్నది.

ఆ దినాన మేము పరీక్షించిన విషయాలు కొన్ని చెప్పుతాను. కొనదలచినవారు జ్ఞాపకం ఉంచుకొందురుగాక.

మొదటిది, వెనుకకు వాలే తీరు. తనంతట తాను కూర్చోలేని పసిబిడ్డకు మెడ నిలవదు. కూర్చోబెట్టినట్లయితే తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆని, ఊపిరికి అడ్డు వస్తుంది. కాబట్టి ఆరవ నెల వచ్చేవరకు, లేదా బిడ్డ ఆధారం లేకుండా కూర్చొనేవరకు, పూర్తిగా వెల్లకిల పడుకోగల తొట్టి ఉండవలెను. సగం వాలే బండి అటువంటి బిడ్డకు పనికిరాదు. బండిలో నిద్రపోయిన బిడ్డను కనిపెట్టి ఉండవలెను. ఇల్లు చేరగానే గట్టి పరుపు మీదకు మార్చి వెల్లకిల పడుకోబెట్టవలెను. బండి రాత్రి నిద్రకు ఉయ్యాల కాదు.

రెండవది, పట్టీలు. రెండు భుజాల మీదుగా, రెండు నడుముల వద్ద, ఒకటి కాళ్ళ మధ్యగా, అయిదు చోట్ల పట్టి ఉంచే పట్టీలు కావలెను. నడుముకు మాత్రం కట్టేది చాలదు. “రెండు నిమిషాలకే గదా” అని పట్టీ పెట్టకపోవడం మనకు అలవాటు. బిడ్డ జారేది ఆ రెండు నిమిషాలలోనే.

మూడవది, బ్రేకు. ఒక్క మీట నొక్కితే వెనుక చక్రాలు రెండూ ఆగవలెను. కొన్నింటిలో బ్రేకు వేయడానికి కాలితో నొక్కాలి, తీయడానికి బొటనవ్రేలితో పైకి ఎత్తాలి. చెప్పులు వేసికొని తిరిగే మనకు అది వ్రేలు నొప్పించే పని. రెండింటికీ నొక్కితే చాలునన్నది మేలు.

నాలుగవది, మడత. మడిచేటప్పుడు కీళ్ళ వద్ద పిల్లల వ్రేళ్ళు పడి తెగిన ప్రమాదాలు జరిగినవి. 2009లో అమెరికాలో ఈ కారణంగా లక్షల సంఖ్యలో అమ్ముడైన బండ్లకు కీళ్ళపై తొడుగులు ఇవ్వవలసి వచ్చినది. బండి తెరిచేటప్పుడు, మూసేటప్పుడు బిడ్డ దగ్గర లేకుండా చూడవలెను. తెరిచిన తరువాత కొక్కెం పడిన చప్పుడు విని, ఒకసారి గట్టిగా క్రిందికి అదిమి చూచి, అప్పుడే బిడ్డను ఉంచవలెను. పక్కింటివారు ఇచ్చిన వాడిన బండి అయినా తప్పు లేదు. కాని కీళ్ళు, బ్రేకు, పట్టీల కొక్కాలు సరిగా ఉన్నవో లేవో మరింత జాగ్రత్తగా చూచుకొనవలెను.

అయిదవది, పిడి. దానికి కూరగాయల సంచి తగిలించడం మనందరికీ తోచే సుఖమైన ఉపాయం. బిడ్డ బరువు తక్కువ, సంచి బరువు ఎక్కువ అయినప్పుడు బండి వెనుకకు తలక్రిందులవుతుంది. సామానుకు అడుగున బుట్ట ఉంటుంది. అందులోనే పెట్టవలెను.

ఆరవది ఆడవారికి మాత్రమే తోచే పరీక్ష. మేనకోడలు చెప్పేవరకు నాకు స్ఫురించలేదు. చీర కట్టుకొని బండి తోసినప్పుడు కుచ్చెళ్ళు వెనుక చక్రాలలో చిక్కుకొంటాయా? ఒక బండిలో రెండు చక్రాలను కలిపే ఇరుసు మరీ వెనుకగా ఉండి, ప్రతి అడుగుకూ కాలికి తగులుతున్నది. చూపులకు అందమైన ఆ బండిని ఆమె ఆ క్షణాననే వదిలివేసినది.

ఇవికాక ఒక మాట. ఇది కారులో బిడ్డను ఉంచే ఆసనం కాదు. కారులో ప్రయాణానికి వేరే ఆసనం కావలెను. నడక నేర్చే పిల్లలను కూర్చోబెట్టే చక్రాల వాకరుతోనూ దీనిని కలపరాదు. మెట్ల మీదినుండి పడే ప్రమాదాల కారణంగా కెనడా దేశం 2004లో ఆ వాకర్ల అమ్మకాన్నే నిషేధించినది. నడక నేర్పడానికి నేల ఉన్నది, మన చేతివ్రేలు ఉన్నది.

ఇంతవరకు చూచేసరికి రెండు బండ్లు మిగిలినవి. ఒకటి ఆరు కిలోల తేలిక బండి. కారు డిక్కీలో ఇట్టే ఇముడుతుంది. బిడ్డ ముఖం ఎప్పుడూ ముందుకే. రెండవది తొమ్మిది కిలోలది. తొట్టిని త్రిప్పి బిడ్డ ముఖం మన వైపు ఉంచుకొనవచ్చును. అల్లుడుగారికి మొదటిది నచ్చినది. అమ్మాయికి రెండవది. ఇద్దరూ నా వైపు చూచారు.

అప్పుడు నేను అడిగాను: “హైదరాబాదులో ఈ బండిని తోసేది ఎవరమ్మా?”

“ఎవరేమిటి మామయ్యా, మేమే!” అన్నది.

“మీరు ఎప్పుడు తోస్తారు?”

జవాబు రాలేదు. లెక్క వేసికొన్నాము. చట్టం ప్రకారం తల్లికి తొలి కాన్పుకు ఇరవై ఆరు వారాల సెలవు ఉన్నది. అందులో కొంత కాన్పుకు ముందే అయిపోతున్నది. అనగా బిడ్డకు అయిదు నెలలు వచ్చేసరికి ఈ అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరవలెను. తల్లిదండ్రులిద్దరూ ఇల్లు చేరేది చీకటి పడిన తరువాత. ఇక పగలంతా బిడ్డతో ఉండేది ఎవరు? అమ్మాయి అత్తగారు. ఆమెను ఈ విషయం ఎవరైనా అడిగారా? అడగలేదు. ఎవరి మనస్సులోను దురుద్దేశం లేదు. నా నీలిరంగు బండి నాటి నా వలెనే, బండిలో బిడ్డను ఊహించుకొన్నారు గాని బండి వెనుక మనిషిని ఊహించుకొనలేదు.

ఆ దినాన ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాము. సాయంత్రం అల్లుడుగారు తల్లికి టెలిఫోను చేశారు. ఆమె మొదట, “నాకెందుకు నాయనా, మీకు ఏది బాగుంటే అది తీసుకోండి” అన్నది. అందరు అత్తగార్లూ అనే మాటే. అమ్మాయి టెలిఫోను అందుకొని, “అత్తయ్యగారూ, తోసేది మీరు కదా, మీకు ఏది వీలుగా ఉంటుందో చెప్పండి” అన్నది. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత ఆమె మెల్లగా చెప్పినది. “అమ్మాయీ, నీకు చెప్పకూడదనుకున్నాను. ఏడాది నుంచి నా మోకాళ్ళు మాట వినడం లేదు. బిడ్డను ఎత్తుకుని నాలుగడుగులు వేయగలనో లేనో అని రోజూ భయపడుతున్నాను. మీరు ఉద్యోగాలకు పోతే నా చేతులమీద పెరగవలసిన బిడ్డ. చేత కాదంటే మీరు ఆయాను పెడతారేమోనని చెప్పలేదు.”

మా అక్కయ్య ప్రక్కనే కూర్చుని వింటున్నది. ముందునాడు “చంకలు లేవా?” అన్న మనిషి. ఆమె చేయి చాచి టెలిఫోను తీసికొన్నది. “వదినగారూ, నేనండీ. మీరేం దిగులు పడకండి. నా నడుమూ అంతంత మాత్రమే, దీనికి తెలియదు. చంకలు ఉన్నాయిగాని వాటి కింద కాళ్ళు ఉండొద్దూ? బండి తెప్పించుకుందాం. మీరక్కడ తోయండి, నేను వచ్చినప్పుడు నేను తోస్తాను” అన్నది.

శ్రోతలారా, బిడ్డను ఎత్తుకొనడం గొప్ప విషయమని నేనూ నమ్ముతాను. గుండెకు గుండె ఆనించి మోసే స్పర్శకు ఏ చక్రమూ సాటి రాదు. బండి చేతులకు బదులు కాదు. కాని ఎత్తుకొనే శక్తి తగ్గిన చేతులను బిడ్డకు దూరం కాకుండా నిలిపే సాధనం మాత్రం కాగలదు. మా అక్కయ్య అభ్యంతరానికి నేను చెప్పలేని సమాధానం ఆమెకే దొరికినది.

అటు తరువాత ఎంపిక చాలా సులువయినది. అత్తగారు పొట్టి మనిషి గనుక పిడి ఎత్తు మార్చుకొనే వీలు ఉండవలెను. వంగి తోసినట్లయితే మోకాళ్ళకు తోడు నడుము కూడా పోతుంది. తొట్టి నేలకు మరీ దగ్గరగా ఉండరాదు. బిడ్డను వంగకుండా తీయగలగవలెను. హైదరాబాదు భవనంలో లిఫ్టు ఉన్నది గనుక తొమ్మిది కిలోల బరువు ఆమె మోయనక్కరలేదు. అల్లుడుగారు తిరిగి వెళ్ళగానే టేపు పట్టుకొని లిఫ్టు తలుపు కొలిచారు. వెడల్పు డెబ్బై సెంటీమీటర్లు. బండి వెడల్పు యాభై ఎనిమిది. లిఫ్టుకు ముందు మూడు మెట్లు ఉన్నవి గాని, వెనుక వైపు ఏటవాలు దారి ఉన్నదట. ఆ దారి ఉన్న సంగతి నాలుగేళ్ళుగా ఆ ఇంట ఎవరికీ తెలియదు!

బిడ్డ ముఖం మనవైపు ఉండే బండినే ఎంచడానికి మరొక కారణం ఉన్నది. బ్రిటనులోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ అనే పరిశోధకురాలు 2008లో రెండువేల ఏడువందలకు పైగా తల్లిదండ్రులు, పిల్లల జంటలను వీధులలో పరిశీలింపజేసి ఒక విషయం ప్రకటించినది. బిడ్డ ముఖం తమవైపు ఉన్నప్పుడు పెద్దలు బిడ్డతో మాట్లాడడం ఇంచుమించు రెట్టింపు. ఇది మనకు వింత కాదు. ముఖం కనిపిస్తే మాట వస్తుంది. పగలంతా నానమ్మతో ఉండే బిడ్డకు మాటలు వచ్చేది నానమ్మ నోటినుండియే గదా! ఆమె కబుర్లు ఆమె ముందున్న గాలికి గాక, బిడ్డ కళ్ళలోకి చెప్పుకొనవలెను.

బండి కొన్న తరువాత కూడా చూచుకొనవలసినవి రెండు ఉన్నవి. అవి ఎండ, పొగ.

ఎండగా ఉన్నదని బండిపై గుడ్డ కప్పడం అందరమూ ప్రేమతో చేసే పని. అది అపాయకరం. గాలి ఆడక లోపల ఉడుకు పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రకటించిన ప్రయోగాలలో, పలుచని పొడి మస్లిన్ గుడ్డ కప్పినప్పుడే బండి లోపలి వేడి బయటి వేడి కంటె సుమారు రెండున్నర డిగ్రీలు పెరిగినది. గుడ్డను తడిపి, చిన్న పంకా పెట్టినప్పుడు నాలుగు డిగ్రీలకు పైగా తగ్గినది. కాని గాలిలో తేమ నిండిన మన కోస్తా ఉక్కలో తడిగుడ్డ అంతగా చల్లబరచదు. కాబట్టి రోహిణికార్తె ఎండలో బండికి ఏ గుడ్డ కప్పవలెనన్న ప్రశ్నే వద్దు. ఆ వేళ బిడ్డ ఇంట ఉండవలెను. తెల్లవారు జామున, లేదా చల్లబడిన సాయంకాలాన బయటకు తీసికొని పోవలెను. బండికి ఉన్న గొడుగు నీడకు చాలును. చుట్టూ గాలి ఆడనివ్వవలెను.

ఇక పొగ. బండిలో పడుకొన్న బిడ్డ ముఖం నేలకు అర మీటరు మొదలు ముప్పావు మీటరు ఎత్తున ఉంటుంది. వాహనాలు పొగ వదిలేది కూడా నేలకు దగ్గరగానే. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ప్రశాంత్ కుమార్ బృందం 2018లో, బండిలోని పిల్లలు ప్రక్కన నడిచే పెద్దల కంటె అరవై శాతం వరకు ఎక్కువ కాలుష్యాన్ని పీల్చే అవకాశం ఉన్నదని తెలిపినది. మనకు పొగ లేదనిపించిన చోట కూడా బిడ్డకు ఉండవచ్చును. కనుక బజారు వీధిని వదలి లోపలి సందుల గుండా పోవలెను. కూడలి వద్ద నిలవవలసి వస్తే, వాహనాల వెనుకకు పోక, దూరంగా, బండిని ప్రక్కకు త్రిప్పి నిలుపుకొనవలెను. కాలనీలో ఉద్యానవనం ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారికి మేడ మీది డాబా ఉన్నది. అయితే పిట్టగోడ దగ్గర ఏటవాలు నేల మీద బండిని వదలి, బట్టలు తీయడానికి పోరాదు. బ్రేకు వేసి ఉన్నప్పటికీ ఒక చేయి పిడిమీద ఉండవలెను.

ఖర్చును గురించి ఒక్క మాట. ఇప్పుడు ఈ బండ్లు కొన్ని వేల రూపాయల మొదలు లక్షకు పైబడిన ధర వరకు ఉన్నవి. ధర పెరిగినకొద్దీ బిడ్డకు భద్రత పెరుగుతుందని అనుకొనరాదు. నేను చెప్పిన పట్టీలు, బ్రేకు, వాలు, చక్రాలు మధ్యతరగతి ధరలోనే దొరుకుతాయి. పై ధర గుడ్డకు, రంగుకు, పేరుకు. బండిని బిడ్డ వాడేది రెండు మూడేండ్లు. వాటిలోనూ నడక వచ్చిన బిడ్డ బండిలో కూర్చోనని మారాం చేసే దినాలే ఎక్కువ. ఇల్లు ఇరుకయినవారు, మెట్లు ఎక్కువయినవారు, ఎత్తుకొనే చేతులు ఇంటినిండా ఉన్నవారు అసలు కొనకపోయినా బిడ్డకు వచ్చే లోటు ఏమీ లేదు. తల్లి పాత చీరతో కట్టిన ఉయ్యాలలో పెరిగినవారమే మనమందరమూ.

మేనకోడలికి ఆడపిల్ల పుట్టినది. బారసాల అయిన వారం దినాలకు బండి వచ్చినది. అయిదవ నెలలో తల్లీబిడ్డలు హైదరాబాదు చేరారు. మొన్న ఆఫీసు పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు సాయంకాలం వారి ఇంటికి పోయాను. తలుపు తాళం వేసి ఉన్నది. క్రిందికి వచ్చి వెదకగా, భవనం వెనుక ఏటవాలు దారి మొదట అత్తగారు కనిపించారు. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి దోపుకొని, పిడిని రెండు చేతులా పట్టుకొని, మెల్లగా అడుగులు వేస్తున్నారు. “రండి అన్నయ్యగారూ! ఇది లేకపోతే నేను కూడా బయటి గాలి చూసేదాన్ని కాదు. మోకాళ్ళకు పట్టుకోవడానికి ఆసరా దొరికింది. మొదట డాక్టరుగారినే అడిగానులెండి, మెల్లగా నడవమన్నారు” అన్నారు. బండిలోని చిన్నది ఆమె ముఖం వైపు చూస్తూ, అర్థంకాని భాషలో ఏదో గట్టిగా ఫిర్యాదు చేస్తున్నది. ఆమె దానికి ఓపికగా సమాధానం చెప్పుతున్నది.

మీ ఇంట తొలిచూలు బిడ్డ రానున్నట్లయితే, బండిని కొనే ముందు దుకాణం గోడ మీది బొమ్మను కాక మీ గడపను, మీ మెట్లను, మీ వీధిని ఒకసారి చూచుకొనండి. అన్నిటికంటె ముందు, పగటివేళ దానిని తోసే మనిషి ఎవరో తెలిసికొని, వారిని ఒక్కమాట అడగండి. వారు మొదట “మీ ఇష్టం” అంటారు. అక్కడ ఆగిపోక రెండవసారి కూడా అడగండి.